ఆయన వైపు

ఆ కంప్యూటర్‌కు రెండు వైపులు. మీట నొక్కగానే తెర మీద రెండు పేర్లు వస్తాయి. పైది ఆయన వాడుకున్న ఆపరేటింగ్ సిస్టమ్, కిందది ఆమెది. కాసేపు ఏమీ నొక్కకుండా ఊరుకుంటే దానంతటదే ఆయన వైపు వెళ్లిపోతుంది. మొగుడు పోయాక ఆమె ఒక్కసారీ అలా పోనివ్వలేదు. ఇంట్లో ఆయన ఊసే ఎత్తవద్దని అత్తగారికి కూడా గట్టిగా చెప్పేసింది. ఏడ్చి ఏడ్చి విసిగిపోయిన మనిషి, అంతకన్నా ఏం చేస్తుంది!

అయినా ఆయన ఇల్లు వదల్లేదు. ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే లోపల ఆయన గొంతు వినిపించేది. మాటలు తెలిసేవి కావు గానీ గొంతు మాత్రం ఆయనదే. తలుపు తోసేసరికి చప్పుడుండేది కాదు. అత్తగారు ముందుగదిలో బట్టలు మడతపెడుతూ ఉండేది. తనకు మతి చలిస్తోందేమోనని ఆమె లోలోపల వణికిపోయేది.

ఒక సెలవురోజు, కంప్యూటర్ మరీ నత్తనడక నడుస్తోందని డీఫ్రాగ్ పెట్టింది. డిస్కులో చెల్లాచెదురుగా పడివున్న ముక్కల్ని ఏరి ఒకచోట చేర్చే పని అది. పెట్టె లోపల ఎవరో గోళ్లతో గీరుతున్నట్టు మధ్యాహ్నమంతా గరగరలాడింది. తన వైపు అయ్యాక, అదే ఊపులో ఆయన డిస్కు మీదా నొక్కింది. ఈ సిస్టమ్‌కు ఆ వైపున్నది చదవడం రాదు. తనకు రానిదంతా పనికిరానిదేనని దాని లెక్క. ఫార్మాట్ చేసి మొత్తం తుడిచేస్తే తప్ప ఈ డిస్కు వాడుకోవడం కుదరదు, చేయమంటారా అని అడిగింది.

అంటే అక్కడ ఏమీ లేదన్నమాట! మరి ఇన్నాళ్లూ మాట్లాడుతున్నదెవరు? ఆమెకు ఒళ్లు జలదరించింది. "ఇక నన్ను వదిలెయ్, నీకు దణ్ణం పెడతాను" అంటూ 'సరే' నొక్కేసింది.

మర్నాడు మెట్లెక్కుతుంటే గొంతు వినిపించలేదు. అమ్మయ్య అనుకుంది. లోపలికి వెళ్తే అత్తగారు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నల్లటి తెర మీద ఏదో ఒక్క తెల్లగీత మిణుకుమంటోంది.

"కోప్పడకమ్మా. వాడు మంచాన పడ్డప్పుడు నా కోసం మాటలు రికార్డు చేసి ఇందులో పెట్టాడు. మీట నొక్కి ఊరుకో అమ్మా, మిగతాది అదే చూసుకుంటుంది అన్నాడు. నువ్వేమో వాడి ఊసెత్తొద్దన్నావు. అందుకని నువ్వు లేనప్పుడు వినేదాన్ని. మెట్ల మీద నీ అడుగులు వినపడగానే ఆపేసేదాన్ని."

ఆమె వంగి, తనే ఒకసారి మీట నొక్కి చూసింది.

"ఇవాళ ఎన్నిసార్లు నొక్కినా పలకడం లేదు. ఏం పాడుచేశానో ఏమో! నీకూ మాటలు చెప్పి పెట్టాడే అందులో. తనకు తోచినప్పుడు తనే ఇటు వస్తుంది, తొందరపెట్టొద్దు అన్నాడు. నీవి కూడా పోగొట్టేశానే తల్లీ..."

"మీరు కాదు అత్తయ్యా, నేను. నేనే చెరిపేశాను."

తనను ఓదార్చడానికే అలా అంటోందనుకుని, పెద్దావిడ కోడలి చేతులు రెండూ పట్టుకుని ఇంకా ఏడ్చింది.