సూదికి జోడీ

సవేలియోకు నడుం నుంచి మోకాళ్ళ దాకా పచ్చబొట్టు ఉంది. పన్నెండు రోజులు పంది కోరతో చేసిన దువ్వెనతో పొడిపించుకున్నా కిక్కురుమనలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఎక్కువగా ఆయనే చెప్పుకుంటాడు. అంతటి వాడు, నర్సు సినపతి వస్తోందంటే వారం రోజులుగా పెరటి దారిన పారిపోతున్నాడు.

తంటా అంతా మనవరాలితో వచ్చింది. పుట్టి పదమూడు రోజులే. ఎత్తుకోవాలని ఆయనకు ప్రాణం కొట్టుకుపోతోంది. కూతురు తెలేసియా మాత్రం గుమ్మంలోనే ఆపేసింది.

"కోరింత దగ్గు టీకా వేయించుకోందే పిల్లని ముట్టుకోకు నాన్నా. దానికి ఆరు వారాలు నిండేదాకా టీకా వెయ్యరు. అందాకా మనమే కంచె."

"నాకు దగ్గే లేదు కదే!"

"వచ్చేదాకా ఎవరికీ ఉండదు."

ఆ రోజు సినపతి చెప్పాపెట్టకుండా ఇంట్లో దిగబడింది. తప్పించుకునే దారి లేక సవేలియో ఆచారం అడ్డం పెట్టాడు.

"ఒంటరిగా పొడిపించుకుంటే అరిష్టం. పచ్చబొట్టుకు మన వాళ్ళెవరైనా జోడీ లేకుండా కూర్చున్నారా? నా జోడీ పితోనే. వాణ్ణి తీసుకురా, వేయించుకుంటా."

పితోనే ఆయన వియ్యంకుడు. పడవ పందెం ఓడింది నీ వల్లంటే నీ వల్లని ఐదేళ్ళుగా మాటల్లేవు. పిల్లల పెళ్ళిలో కూడా ఎడమొహం పెడమొహమే. వాడు చచ్చినా రాడని సవేలియో ధీమా.

సినపతి పడీపడీ నవ్వింది. "ఆయనా నిన్న ఇదే పాట పాడాడు పెదనాన్నా. జోడీ నువ్వేనట. జీపులో కూర్చోబెట్టి తెచ్చా."

పితోనే పాలిపోయిన మొహంతో లోపలికి వచ్చాడు.

"నేను రాననుకున్నావా?"

"రావనే కదయ్యా నీ పేరు చెప్పింది!"

"నేనూ అందుకే చెప్పాను."

ఇక చేసేదేముంది? ఇద్దరు భారీ మనుషులూ చాప మీద మోకాలికి మోకాలు ఆనించి, చేతులు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి పని అయిపోయింది. సవేలియో వెంటనే పిల్ల కోసం చేతులు చాపాడు.

"రెండు వారాలు ఆగాలి. టీకా ఒంటికి పట్టాలిగా," అంది సినపతి.

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే కూర్చునేవారా?"

ఒకడు ముందు ఎత్తుకుంటాడేమోనని రెండోవాడు, ఇద్దరూ ఆ రెండు వారాలూ గుమ్మం దగ్గరే కాపలా కాశారు. పందెం గొడవ మళ్ళీ మొదటి నుంచీ పోట్లాడుకున్నారు. అలాగే మాటలూ కలిశాయి.

పదిహేనో రోజు పొద్దున తెలేసియా పిల్లను తండ్రి ఒళ్ళో పెట్టింది. సవేలియో ఆనందం పట్టలేకపోయాడు. పిల్ల ఆయన బొటనవేలు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆయన గొంతు గరగరలాడింది. తిన్న కొబ్బరి అడ్డం పడింది, అంతే. మింగాడు, బిగబట్టాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బావా, పట్టుకో," అని పిల్లను పితోనే చేతుల్లో పెట్టి బయటికి పరుగెత్తాడు.

కొబ్బరి చెట్ల అవతలికి వెళ్ళి తనివితీరా దగ్గాడు. ఎంత పిలిచినా, "వచ్చేదాకా ఎవరికీ ఉండదు" అంటూ ఆ రోజు గుమ్మం తొక్కలేదు.