రంగు చెరగని స్నో బ్లోయర్

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ మాట అన్నవాళ్లు తైస్తో లాహ్తిని చూసి ఉంటే రాజును మధ్యలోకి లాగేవారే కాదు. డెబ్బై ఒకటో ఏట గుండెలో స్టెంటు వేయించుకుని, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన నాలుగో రోజునే, అక్టోబరు చలిలో వాకిట్లో నిలబడి గాలి వాసన చూశాడు. "రేపు మంచు పడుద్ది," అంటూ గరాజులోంచి తోపుడుపార బయటికి తీశాడు మహానుభావుడు.

తోపుడుపారంటే మట్టి తవ్వుకునే పార కాదు. వెనక రెండు చేతులతో పట్టుకునే పిడి, ముందు పెద్ద రేకు తొట్టి. మంచులోకి తోసి, నింపి, జారుస్తూ తీసుకెళ్లి గుట్ట మీద కుమ్మరించాలి. అమెరికా ఉత్తరాన ఉన్న ఈ కాలుమెట్ ఊళ్లో మగవాడి విలువ కట్టేది దీంతోనే. తైస్తో మంచు తీశాక వాకిలి అంచులు కత్తితో కోసిన రొట్టెలా ఉండేవి. ఆదివారం చర్చికి పోయేవాళ్లు కార్లు నెమ్మది చేసి మరీ చూసేవారు.

"ఆ పార అక్కడ పెట్టు," అంది అతని భార్య సైమా గుమ్మంలోంచి. "డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"జాగ్రత్తగా ఉండమంది."

"నీకలా చెప్పింది. నాతో మాత్రం, ఆయన పార ముట్టుకుంటే నాకు ఫోన్ చెయ్యొద్దు, పాస్టరుగారికి చేసుకోండి అంది."

మర్నాడే ఇద్దరూ మంచును లాక్కుని దూరంగా విసిరే మిషన్లు, అదే స్నో బ్లోయర్లు, అమ్మే కొట్టుకు వెళ్లారు. సైమా తండ్రి ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడిపినవాడు. ఆవిడ బొమ్మలకు బదులు స్పానర్లతో ఆడుకుని పెరిగింది. తైస్తోకు ఇంజన్ల గురించి తెలిసింది సున్నా. అయినా కోడిగుడ్డుకు ఈకలు పీకడానికి చదువు కావాలా?

చిన్నదాన్ని చూసి, "ఇది మంచు తీసేదా, గడ్డం గీసేదా?" అన్నాడు. బ్యాటరీది చూసి, "ఈ చలికి నా సెల్‌ఫోనే చచ్చి ఊరుకుంటోంది, ఇదేం బతుకుతుంది?" అన్నాడు. ట్రాక్టరంత దాన్ని చూసి, "ఇది మనింటికా, విమానాశ్రయానికా?" అన్నాడు. కొట్టువాడు నిలబడి నిలబడి కుర్చీ తెచ్చుకున్నాడు.

సైమా ఇవేవీ చెవిన పెట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కోదాని నోట్లోకీ తొంగి చూసింది. "మంచును లోపలికి లాక్కునే మర ఒకటి, గొట్టంలోంచి దూరంగా విసిరే చక్రం ఇంకొకటి, రెండూ ఉన్నదే కావాలి," అంది కొట్టువాడితో. "రోడ్డు మీద మంచు తోసే ప్లౌ లారీ పోతూ పోతూ మన వాకిలి మొదట్లో వదిలే గట్టు బండరాయే. ఒంటి మరది దాన్ని నాకి వదిలేస్తుంది. వెడల్పు ఇరవై ఎనిమిది అంగుళాలు చాలు. ఆ తెగే బోల్టులు కూడా ఓ పది కట్టు."

"తెగే బోల్టులు కొనుక్కోవడమేంటే?" అన్నాడు తైస్తో. "తెగనివి కొనుక్కోవాలిగానీ!"

"లోపల ఐసుగడ్డ ఇరుక్కుంటే అవి తెగి గేరుబాక్సును కాపాడతాయయ్యా. తెగడమే వాటి ఉద్యోగం."

కొట్టువాడు తైస్తో వైపు తిరిగి, "అమ్మగారిని వారానికి రెండ్రోజులు మా దగ్గరికి పంపుతారా?" అనడిగాడు. తైస్తోకు ఒళ్లు మండిపోయింది. ఎర్రటి మిషను ఇంటికొచ్చింది.

మొదటి మంచుకు దాన్ని నాలుగడుగులు నడిపాడు. గొట్టం ఎటు తిప్పాలో తెలియక, విసిరిన మంచంతా గాలికి తిరిగొచ్చి అతని మొహానే పడింది. అంచు చూస్తే ఎలుక కొరికినట్టుంది. పక్కింటి ఎల్మర్ కంచె మీద చేతులేసుకుని విరగబడి నవ్వాడు. "ఒరేయ్ తైస్తో, దాన్ని నువ్వు తోలుతున్నావా, నిన్నది తోలుతోందా?"

అంతే. తైస్తో మిషనును గరాజు గోడ పక్కకు తోశాడు. ఇంజను ఆపలేదు. అక్కడే ఉంది తెలివంతా! పైకప్పు మంచు జారిపడి అద్దాలు పగలకుండా ముందుగది కిటికీలకు చలికాలమంతా చెక్కలు కొట్టి ఉంటాయి. సైమా కూర్చునేది వెనక వంటింట్లో. ఆవిడకు వాకిలి కనబడదు, ఇంజను మోత మాత్రం వినబడుతుంది. మిషను గోడ పక్కన నిలబడి హాయిగా మోగుతుంటే, తైస్తో తోపుడుపార తీసి ఎప్పటిలాగే వాకిలంతా కోసిన రొట్టెలా తయారుచేశాడు.

ఐదు నెలలు ఇదే నాటకం. ఎల్మర్ నోటికి తాళం వేయడానికి నెలకో పొగబెట్టిన చేప సమర్పించుకున్నాడు.

"చూశావా, ఇంజను ఒక్కసారి కూడా మూలగలేదు!" అనేది సైమా, అతను లోపలికి రాగానే ఏలకుల రొట్టె ముందు పెట్టి. "ప్లౌ గట్టు దగ్గర కూడా! ఎంచిందెవరు మరి?"

"నువ్వేలే," అనేవాడు తైస్తో, రొట్టె కాఫీలో ముంచుకుంటూ.

రెండుసార్లు మాత్రం నొప్పి ఎడమ భుజంలోకి పాకింది. గుట్టకు ఆనుకుని నిలబడి, అది తగ్గాక మళ్లీ తోశాడు. భయం వేయలేదా అంటే వేసింది. కానీ మిల్లు ఉద్యోగం పోయి పన్నెండేళ్లయింది. ఈ ఇంట్లో తనకంటూ మిగిలిన పని ఇదొక్కటే. ఇదీ మిషనుకు అప్పజెప్పేస్తే ఇక తానెందుకు?

ఏప్రిల్లో ఎండ కాసింది. సైమా పాత ఏప్రన్ కట్టుకుని గరాజులో దిగింది. వేసవికి ముందు మిగిలిన పెట్రోలు తీసేయాలి, లేకపోతే కార్బ్యురేటర్లో జిగురు పడుతుంది. ఇంజనాయిలు మార్చాలి. మరకు గ్రీజు పెట్టాలి. తైస్తో లోపల పేపరు చదువుతూంటే కేక వినబడింది.

"ఏవయ్యా, ఓసారిలా రా."

వెళ్లాడు.

"ఈ మర చూడు. రంగు తళతళలాడుతోంది."

"కంపెనీవాళ్లు మంచి రంగు వేశార్లే."

"ఇంకొంచెం వంగు. ఈ ఇనప పాదాలు నేల మీద రాసుకుంటూ పోవాలి. ఈపాటికి సగం అరగాలి. వీటి మీద కొట్టువాడి స్టిక్కరు కూడా చెక్కుచెదర్లేదు."

"నేను... నెమ్మదిగా నడుపుతాను."

"బోల్టుల పొట్లం విప్పనేలేదు. ఈ ఊళ్లో ఒక్క బోల్టైనా తెగకుండా చలికాలం దాటించినవాడు ఇంకా పుట్టలేదు. ఆయిలు మాత్రం తారులా ఉంది. ఇంజను తిరిగింది, మిషను కదల్లేదు. ఎలా?"

తైస్తో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "పారతోనే తీశాను. ఎల్మర్ నోరు చేపలతో మూశాను," అన్నాడు.

తిడుతుందనుకున్నాడు. తిట్లకు సిద్ధపడి ఉన్నాడు కూడా. సైమా తిట్టలేదు. బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

"నువ్వు ఆ మంచులో పడిపోయి ఉంటే నాకు తెలిసేదా?" అంది. "మిషను మోగుతూనే ఉండేది. నేను వంటింట్లో కూర్చుని, ఆహా ఎంత మంచి మిషను కొన్నాను అని మురిసిపోతూ ఇంకో కప్పు కాఫీ పోసుకునేదాన్ని. నువ్వు బయట చచ్చి పడుంటే నేను కాఫీ తాగుతూ ఉండేదాన్ని కదయ్యా!"

తైస్తో మూలనున్న తోపుడుపార తీసి వాకిట్లో పెట్టాడు.

ఆ సాయంత్రం తోపుడుపార ఎల్మర్ ఇంటికి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా, అందరూ బూట్లు అటక మీద పెట్టేశాక, పదహారు అంగుళాల మంచు దిగింది. సైమా మిషన్లో మళ్లీ పెట్రోలు పోసింది. కోటు తొడుక్కుంది.

"నేను తీస్తానే," అన్నాడు తైస్తో.

"నీ మాట మీద నాకు నమ్మకం లేదు. నువ్వు వంటింట్లో కూర్చో."

కూర్చున్నాడు. ఇంజను అందుకుంది. మంచు నోట్లోకి వెళ్లగానే మోత బరువెక్కింది, మూలిగింది, మళ్లీ తేలికైంది. అలా అరగంట వాకిలి పొడవునా నడిచి, గట్టు దగ్గరికి చేరింది. అక్కడ ఒకసారి గట్టిగా మూలిగింది. ఆ తర్వాత మూలగలేదు.

నున్నగా, తీరిగ్గా మోగుతోంది.

ఆ మోత తైస్తోకు తెలిసినట్టు లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఐదు నెలలు తాను మోగించింది దాన్నే. చేతులు వదిలేస్తే మిషను చక్రాలు ఆగుతాయి, ఇంజను ఆగదు. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. కుర్చీ తన్నేసి, వీధి తలుపు తీసి, సాక్సులతోనే మంచులోకి పరిగెత్తాడు.

సైమా రోడ్డు పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని, ఎల్మర్ని నిలదీస్తోంది. "ఐదు నెలల్లో ఎన్ని చేపలు మింగావో చెప్పు! అన్నీ అరిగాయా?" ఎల్మర్ తల వంచుకుని బూట్లు చూసుకుంటున్నాడు. పక్కన మిషను నిమ్మకు నీరెత్తినట్టు మోగుతోంది.

సైమా తిరిగి చూసింది. "సాక్సులతో బయటికొచ్చావేంటయ్యా! మతి పోయిందా? మిషను మోగుతూనే ఉందిగా, నాకేమవుద్ది?"

"మోగుతూనే ఉంది," అన్నాడు తైస్తో, రొప్పుతూ. "అందుకే వచ్చాను."

కళ్ల నీళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. ఎల్మర్ ఇంటి వైపు నడిచాడు. సైమా మొగుడి మొహం చూసి, చెయ్యి చాపి ఇంజను ఆపేసింది.

"పద, కాళ్లు తడిసిపోయాయి," అంది అతని మోచెయ్యి పట్టుకుని. "మిగతా గట్టు మధ్యాహ్నం నువ్వే తియ్యి, మిషనుతో. ఎలాగో నేర్పిస్తాను. నీ పక్కనే నిలబడతాను."

"నిలబడు," అన్నాడు తైస్తో.