కాకికి కట్టిన పన్ను

"ఊగుతోందిగా, ఇంకో రెండ్రోజులాగితే అదే రాలుద్ది. ఇప్పుడు దాని నోట్లో వేలు పెట్టావంటే కొరికేస్తది, తర్వాత నన్ననకు," అంది కలీనా, మనవరాలి గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పుతూ.

లోజానా మెట్టు మీద గొంతుక్కూచుని పిల్ల నోట్లోకి తొంగి చూసింది. కింది దవడ ముందు పన్ను ఒక్క చిగురు పోగు మీద వేలాడుతోంది.

"కరిపించుకోవడం నాకు కొత్తా వదినా? పెళ్ళైన దగ్గర్నించీ మా అత్త నోట్లోనేగా నా కాపురం!" అని సంచిలోంచి ఆపిల్ తీసింది. "ఏమే స్లావిత్సా, ఇది కొండవతల తోటది. పొగ తగలనిది. గట్టిగా కొరుకు చూద్దాం."

సివ్నిక్ ఊళ్ళో పన్ను వసూలు చేసేవాళ్ళు ఇద్దరు. ఒకడు మునిసిపాలిటీ గుమాస్తా. వాడు వీధి మలుపు తిరిగాడంటే జనం పెరటి దారి పడతారు. రెండోది లోజానా. ఆవిడ మలుపు తిరిగిందంటే ముసలమ్మలు మనవల మూతులు మూస్తారు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, ఎడమ మోకాలు మడిచినప్పుడల్లా కిర్రుమంటుంది. డబ్బాల ఫ్యాక్టరీలో టమాటాలు ఒలిచి ఒలిచి వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. సొంత పళ్ళు సగమే మిగిలాయి. మిగతావేవని అడిగితే, "శాంపిలుకిచ్చా, రసీదు రాలేదు," అనేది.

అసలు ఉద్యోగం పిల్లల ఆరోగ్య కేంద్రంలో ఊడ్చి తుడవడం. రాజధాని నుంచి పరిశోధన చేసేవాళ్ళు వచ్చినప్పుడు, ఏ ఇంటి కుక్క ఎవర్ని కరుస్తుందో, ఏ ఇంటి కోడలు ఎవర్ని కరుస్తుందో తెలిసిన మనిషి కావాలన్నారు. చీపురు గోడకానించి లోజానా బయల్దేరింది. ఖనిజం కరిగించే కార్ఖానా పొగగొట్టం కక్కే సీసం, పసివాళ్ళ మెదడూ నరాలూ అల్లుకునే రోజుల్లో లోపలికి పోయి ఏం చేస్తుందో తేల్చడం వాళ్ళ పని. సీసం పద్యమైతే చెవికి ఇంపు. సివ్నిక్‌లో అది చెవుల్లోకి కాదు, పాలల్లోకి వచ్చేది. రక్తం దాన్ని కొన్ని వారాల్లో మరిచిపోతుంది. పాలపన్ను మరిచిపోదు. తల్లి కడుపులో మొలక కట్టిన నాటి నుంచీ పొర మీద పొరగా దాచుకుంటుంది. డాక్టర్ నెవెంకా ఆ పన్నును కోసి చూస్తుంది. అదే పిల్లను బల్ల ముందు కూచోబెట్టి అంకెలు వెనక్కి చెప్పమంటుంది, చెక్క మేకులు చిల్లుల్లో గుచ్చమంటుంది. సీసం ఎక్కువున్న పన్ను ఎవరిదో వాళ్ళ మేకులు చిల్లుల చుట్టూ తిరుగుతుంటాయి.

చిక్కల్లా కాకితో వచ్చింది. సివ్నిక్‌లో పిల్లకి పన్నూడితే ఇంటికప్పు మీదకి విసిరి, "కాకీ కాకీ, ఎముక పన్ను నీకు, ఇనుప పన్ను నాకు," అని అరవాలి. కాకికి కట్టాల్సిన పన్ను డాక్టరుకి కడితే ఇనప్పళ్ళు రావని ముసలమ్మల పట్టు. కాకితో లోజానాయే బేరం కుదిర్చింది. పన్ను డాక్టరుకి, దాని బదులు తెల్ల చిక్కుడు గింజ కాకికి. కిందటి వసంతంలో సగం ఊరి చూరు కాలువల్లో చిక్కుడు మొలకలు లేచాయి. కాకులు మటుకు ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు.

కసుక్కుమంది. స్లావిత్సా నోట్లోంచి ఆపిల్ ముక్కా పన్నూ కలిసే వచ్చాయి. ఏడుపు మొదలవకముందే లోజానా గింజ చేతిలో పెట్టింది. పిల్ల కళ్ళు తుడుచుకుని కాకిని పిలిచి, పెంకుల మీదకి విసిరింది.

"ఇవాళేనా నీ డాక్టరు చెప్తానంది?" కలీనా గొంతు తగ్గించి అడిగింది. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. ఈ గోడ దగ్గిన దగ్గు ఆ గోడకి వినిపిస్తుంది.

"ఇవాళే."

"తేలితే మాత్రం ఏం లాభమే? మెతోది బాగవుతాడా?"

"వాడు బాగవడు. మా అత్త నోరు మూతపడుద్ది."

"ఎలా వుంది సెవ్దా?"

"నాలిక తప్ప అన్నీ చిక్కిపోయాయి," అని లోజానా మోకాలు కిర్రుమనిపిస్తూ లేచింది.

మెతోది లోజానా ఒక్కగానొక్క కొడుకు. ముప్పయ్యోపడిలో పడుతున్నాడు. ఆలస్యంగా నడిచాడు, ఇంకా ఆలస్యంగా మాట్లాడాడు, రెండో తరగతి దగ్గర బడి అతన్ని వదిలేసింది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే వేళ్ళు వణుకుతాయి. ఎందుకిలా అయ్యాడో సెవ్దా ఏనాడో తీర్పు చెప్పేసింది: "కోడలు ఉయ్యాల్లోంచి పడేసింది." పెళ్ళిళ్ళలో చెప్పింది, చావుల్లో చెప్పింది, రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడి చెప్పింది. జరిగిందేమంటే, పసివాడు ఒకసారి ఉయ్యాల అంచు మీంచి దొర్లి కింద మడతపెట్టిన దుప్పటి మీద పడ్డాడు. ఏడ్చాడు, పాలు తాగాడు, నిద్రపోయాడు. అంతే.

ఆ దినాల్లో లోజానా పగలంతా డబ్బాల ఫ్యాక్టరీలో ఉండేది. మొగుడు కిరిల్ కార్ఖానా కొలిమి దగ్గర్నించి బూడిద బొమ్మలా ఇంటికొచ్చేవాడు. పిల్లాణ్ణి చూసుకునే సెవ్దా, బయట మంచు గడ్డకడుతోందని కొడుకు పనిబట్టలు వంటింట్లోనే పొయ్యి పక్కన దులిపేది. పొయ్యి వెచ్చగా ఉంటుందని ఉయ్యాలా అక్కడే వేలాడేది. ఈ ముక్క లోజానాకి ఇన్నేళ్ళూ తట్టలేదు. నిరుడు డాక్టర్ నెవెంకా తల్లుల్ని కూచోబెట్టి, పనిబట్టలు గుమ్మం దాటి లోపలికి తేవద్దని చెప్తుంటే, వెనక చీపురు పట్టుకుని నిలబడ్డ లోజానా అక్కడికక్కడే గోడకి చేరగిలబడిపోయింది.

ఈ వసంతంలో ఇంటికప్పు మరమ్మతు చేయిస్తుంటే పెంకుల సందున గోధుమరంగు పాలపన్ను ఒకటి దొరికింది. తలగుడ్డ అంచున ముడేసుకుని డాక్టరుకిచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు. మంచం పక్కకొచ్చి అత్తకి చెప్పింది: "నీ నోరు ఇన్నాళ్ళూ మాట్లాడింది. ఇప్పుడు వాడి పన్ను మాట్లాడుద్ది. వింటూ ఉండు." ఆరోజు మొదలు ముసలిది తిండి తగ్గించింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ నెవెంకా చెక్క మేకుల్ని పెట్టెలో సర్దుతోంది. సన్నటి మనిషి, కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి. లోజానాకి కుర్చీ చూపించింది. లోజానా కూచోలేదు.

"ఉందా డాక్టరమ్మా?"

"ఉంది పిన్నీ. చాలా ఉంది."

లోజానా అప్పుడు కూచుంది.

"ఒక్క నిమిషం, పూర్తిగా విను. ఆ పన్ను కప్పు మీద ఎన్నేళ్ళుంది? అక్కడ పేరుకునే దుమ్మంతా కార్ఖానాదే. పగుళ్ళలోంచి అది పన్ను లోపలికి పాకింది. వాడు తిన్నదెంతో, కప్పు మీద పట్టిందెంతో విడదియ్యలేను." నెవెంకా కళ్ళద్దాలు ముక్కు మీదకి దించింది. "ఇంకో మాట. ఆ ఇంట్లో మెతోదికి ముందు ఇంకెవరైనా పెరిగారా?"

"ఎవరున్నారు? మా కిరిలే..." అని లోజానా ఆగిపోయింది.

"ఆయన పాలపళ్ళేం చేశారు?"

కాకికే కట్టారు. అదే కప్పు, అదే కాకి, అదే అరుపు. అరిచింది సెవ్దా, విసిరింది ఏడేళ్ళ కిరిల్. ఆ సంగతి ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. తనకే తోచలేదు.

"ఆయన పెరిగేనాటికి కార్ఖానా లేదు కదా," అంది నెవెంకా మెల్లగా. "పన్ను ఆయనదైతే ఈ సీసమంతా దుమ్ముదే. మెతోదిదైతే కొంత దుమ్ముది, కొంత వాడి ఒంట్లోది. ఎవరిదో నాకు తెలీదు. చెప్తే అబద్ధమవుద్ది."

"మరి ఊళ్ళో పళ్ళన్నీ ఏరింది ఎందుకమ్మా?"

"వందల పళ్ళు కలిస్తే ఊరి సంగతి చెప్తాయి పిన్నీ. అందులో నాకు అనుమానం లేదు. ఒక్క పన్నుని పట్టుకుని ఒక్క పిల్లాడి సంగతి చెప్పమంటే చెప్పదు."

"మా ఇంట్లో ఉన్నది ఒక్కడే కదమ్మా," అంది లోజానా. సంచిలోంచి స్లావిత్సా పన్ను తీసి బల్ల మీద పెట్టి, చీపురు తీసుకుని వసారా ఊడ్చి, ఇంటికి బయల్దేరింది.

దారి పొడుగునా పెరళ్ళలో మిరపకాయలు కాలుస్తున్నారు. చలికాలం పచ్చడికి ఊరు ఊరంతా ఒకేసారి పొయ్యిలెక్కే వారం అది. మీద కార్ఖానా పొగ, కింద మిరప పొగ. ఊరి మగాళ్ళకి పై పొగ జీతమిచ్చేది కాబట్టి దాన్ని పొగిడేవాళ్ళే కాని తెగిడేవాళ్ళు లేరు. సారా కొట్టు ముందు కూచున్నవాడొకడు, "ఏం లోజానా, మా నోటికాడ కూడు లాగెయ్యడానికి ఇంకా ఎన్ని పళ్ళు కావాలి?" అని అరిచాడు. మామూలుగా అయితే, "నీవి చాలవు, పుచ్చినవి తీసుకోం," అనేది. ఇవాళ తలొంచుకుని పోయింది.

నడుస్తూ ఒక్కటే ఆలోచించింది. డాక్టరు "ఉంది, చాలా ఉంది" అంది. ఆ రెండు ముక్కలే ఇంటికి మోసుకెళ్తే చాలు. అబద్ధమాడినట్టు కాదు, తక్కినది చెప్పనట్టు, అంతే. అత్త దాంతోనే పోతుంది. ఇన్నేళ్ళ మాటలకి ఒక్క మాటతో చెల్లు.

పెరట్లో మెతోది రేకు పొయ్యి ముందు పీట మీద కూచుని కాయలు తిప్పుతున్నాడు. ఈ ఒక్క పనిలో అతని చేతులు వణకవు. నల్లబడ్డ కాయను చిటుక్కున తీసి కుండలో వేసి మూత పెడుతున్నాడు.

"అమ్మా, బామ్మ పొద్దున్నించీ నిన్నే అడుగుతోంది. నాలుగుసార్లు. కాదు, చాలాసార్లు," అన్నాడు.

సెవ్దా కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆని ఉంది. ఎముకల మీద చర్మం ఆరేసినట్టుంది మొహం. చేతులు మాత్రం ఊరుకోవడం లేదు. దుప్పటంచు పట్టుకుని దులుపుతున్నాయి, కాస్త ఆగి మళ్ళీ దులుపుతున్నాయి. దుప్పటి మీద ఏమీ లేదు.

"ఏమందే?" అంది. గొంతులో ఎన్నడూ లేని మెత్తదనం.

లోజానా తలగుడ్డ విప్పి మడతపెట్టసాగింది.

"ఏమందో చెప్పవే. గడ్డకట్టే చలి మరి! బయట దులిపితే చేతులు రేకులకి అతుక్కునేవి. ఎక్కడ దులపను? ఎవరు చెప్పారు మాకు, బట్టల్లో విషముందని? ఒక్కడైనా చెప్పాడా?" చేతులు దులుపుతూనే ఉన్నాయి. "వాడు ఉయ్యాల్లోంచి చూసి నవ్వేవాడు. దుమ్ములో ఎండ పడితే మెరిసేది. దాన్ని పట్టుకోబోయేవాడు."

లోజానా మడత పూర్తిచేసింది. చెప్పాల్సిన రెండు ముక్కలూ పంటి వెనక సిద్ధంగా ఉన్నాయి. పళ్ళు బిగించింది. వదిలింది.

"పన్నులో ఏమీ లేదత్తా. ఖాళీ. వాడు జారింది నా చేతిలోంచే."

చేతులు ఆగాయి. ముసలిది కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గుండెల్నిండా గాలి పీల్చుకుని, వీధి వీధంతా వినబడేలా కేకేసింది.

"విన్నావటే కలీనా! ఒప్పుకుంది! పడేసింది తనేనంట! చెప్పీ చెప్పీ నా పళ్ళరిగాయి, దీనికి ఒప్పుకోడానికి ఇన్నేళ్ళు పట్టింది, మొండిముండ!"

"విన్నానే సెవ్దా, విన్నా!" అంది గోడవతల కలీనా.

"దుమ్మూ లేదు, ధూళీ లేదు! డాక్టరు కూడా అదే అందట!"

ఆ కబురు సాయంత్రంలోగా సారా కొట్టు చేరుతుందని లోజానాకి తెలుసు. లోజానా ఇంటి పన్నులోనే సీసం లేదట, మరి పొగనెందుకు ఆడిపోసుకుంటారు అంటారు. రేపు ఎవరి గుమ్మం ఎక్కినా, ముందు ఈ మాటే ఎదురొస్తుంది. ఎన్ని చిక్కుడు గింజలిచ్చినా బేరం కుదరని ఇళ్ళు కొన్ని ఉంటాయి.

"కాఫీ కాచి పెట్టు," అంది సెవ్దా. "రెండు చెంచాల చక్కెర. డాక్టర్లు వద్దన్నారంటే చంపుతా."

లోజానా చిక్కగా కాచి తెచ్చింది. ముసలిది రెండు చేతుల్తో పట్టుకుని, మధ్య మధ్య కోడలి వంటనీ, నడకనీ, పుట్టింటినీ వరసగా తిడుతూ అడుగంటా తాగింది. తాగి, కప్పు సాసరు మీద బోర్లించింది.

"మడ్డి ఆరనీ. ఆరాక ఆ చారల్లో చూసి చెప్తా మనకేం రాసుందో. వెళ్ళు, కాయలు మాడుతున్నాయి."

తల్లీ కొడుకూ కుండ దగ్గర కూచుని కాలిన తోలు ఒలవసాగారు. వేళ్ళు ఎర్రగా, జిగురుగా అయ్యాయి. కిటికీలోంచి తిట్లు వస్తూనే ఉన్నాయి: గింజలు సరిగా తియ్యమని, ఉప్పు ఎక్కువెయ్యొద్దని, కిరిల్‌కి కారం పడదని. కిరిల్ పోయి పదేళ్ళు దాటింది. మెతోది గింజలు జాగ్రత్తగా ఏరి పక్కన పెట్టాడు. ఎండ గోడెక్కింది.

కాసేపటికి అతను తలెత్తి విన్నాడు.

"అమ్మా, బామ్మ తిట్టడం మానేసింది."

లోజానా చేతిలో కాయ పూర్తిగా ఒలిచి, తొడిమ తీసి, గిన్నెలో వేసి, అప్పుడు లేచింది.

కలీనా వచ్చి ముసలిదాని కనురెప్పలు మూసింది, అద్దం మీద గుడ్డ కప్పింది, కిటికీ తలుపులు బార్లా తెరిచింది. అటూ ఇటూ చూసి, "పాపం, మడ్డి చూసి చెప్తానందిగా, నేను చూడనా?" అని బోర్లించిన కాఫీ కప్పు వైపు చెయ్యి చాచింది.

"వద్దొదినా. ఉండనీ," అంది లోజానా.

నీళ్ళు కాగాయి. బల్ల మీది గిన్నెలన్నీ తీశారు, మందు సీసాలు తీశారు. కిటికీ గట్టు మీద కప్పు బోర్లించినట్టే ఉంది. దాని అంచు కింద, సాసరు మీద, సన్నటి గోధుమరంగు చార ఇంకా తడిగానే ఉంది.