సామా ఇంట్లో దూరిన చేప

ఆషాఢ చతుర్దశి నాడు తెల్లారేసరికి, ఎప్పటిలాగే, యమునలోని చేపలు ఒడ్డెక్కి మోకాలెత్తున గాలిలో ఈదుకుంటూ రేవుపల్లెలోకి వచ్చాయి. ఆడవాళ్లు వాటిని చీపురుతో పక్కకు జరిపి వాకిళ్లు ఊడ్చుకున్నారు. కుక్కల్ని కట్టేశారు. చతుర్దశి, పున్నమి, ఆ మర్నాడు చేపను చంపకూడదని, అమ్మకూడదని రాజుగారి ఆజ్ఞ. కౌశాంబిలో రాతిస్తంభం మీద చెక్కించారు. ఆ మూడు రోజులూ చేపలు ఊరంతా తిరిగి, పొద్దుగూకే వేళకు ఏటికి పోయేవి.

రేవు పెద్ద ధనుకుడు నియమం తప్పని మనిషి. అబద్ధమాడడు, మద్యం ముట్టడు. తానంత నిష్ఠగా ఉన్నాడు కనుక ఇంకెవరూ ఉండరని అతని నమ్మకం. వీధి మొదట్లో కూర్చుని, ఏ చేప ఏ గుమ్మం దాటిందో చూస్తున్నాడు. కడుపు ఉబ్బిన శీలావతి చేప ఒకటి, ధనుకుడి చనిపోయిన తమ్ముడి భార్య సామా ఇంట్లో దూరింది. వెంటనే తలుపు మూసుకుంది.

సాయంత్రానికి చేపలన్నీ ఏటికి మళ్లాయి. ఆ తలుపు తెరుచుకోలేదు. ధనుకుడు వెళ్లి తట్టాడు.

"సామా! లోపల ఏం చేస్తున్నావు?"

"మెల్లగా, బావగారూ. పడుకున్నారు."

"ఎవరు? ఇంట్లో ఉండేది నువ్వొక్కదానివేగా?"

తలుపు సందులోంచి ఆవనూనె వాసన వచ్చింది.

ఎదురింటి ముసలి పుణ్ణిక పకపకా నవ్వింది. "ఏం ధనుకా, మరదలి తలుపుకు ముక్కు ఆనించావు? ఆకలేస్తే చెప్పు, గంజి పోస్తాను."

"నవ్వకు. లోపలికి పోయిన చేప బయటికి రాలేదు."

"నువ్వు కళ్లు ఆర్పినప్పుడు పోయుంటుంది."

"నేను ఆర్పలేదు."

మర్నాడు పున్నమి. ఆజ్ఞ చదివి వినిపించడానికి ధర్మాధికారి పడవలో వచ్చాడు. ఆజ్ఞ మీరినవాళ్లకు రేవులో పడవ కట్టుకునే చోటు పోతుంది. మొగుడు వదిలి వెళ్లిన ఆ చిన్న పడవ తప్ప సామాకు వేరే ఆధారం లేదు. అది ధనుకుడికి తెలుసు. అయినవాళ్ల తప్పు దాచిపెట్టడమూ పాపమే అనుకున్నాడు. గుండెలో చిన్న సంతోషం కదిలితే, దానికి ధర్మమని పేరు పెట్టుకున్నాడు. అధికారిని, ఊరినీ వెంటబెట్టుకుని వెళ్లాడు.

సామా గుమ్మానికి అడ్డం నిలబడింది. "రేపటిదాకా ఆగండయ్యా. రేపు నేనే తలుపు తీస్తాను."

"ఎందుకో చెప్పమ్మా," అన్నాడు అధికారి.

"ఈయన వింటుంటే చెప్పను. విన్నా నమ్మడు. చేత్తో తడిమి చూస్తేగాని ఊరుకోడు."

"చూశారా!" అంటూ ధనుకుడు ఆమెను తోసుకుని లోపలికి పోయాడు. చీకటి మూలలో పెద్ద బాన ఉంది. దాని మూతికి తడిగుడ్డ కట్టి ఉంది.

"ఇదిగో, ఇందులో దాచింది!"

"బావగారూ, వద్దు!"

గుడ్డ లాగిన ఊపుకు బాన ఒరిగి, పగిలింది. నీళ్లు నేలంతా పరుచుకున్నాయి. వాటితో పాటు కొర్రగింజలంతేసి గుడ్లు, వేలకు వేలు, మట్టిలో దొర్లి ధనుకుడి కాళ్ల మధ్య నలిగాయి. పొయ్యి మీద ఆవనూనెలో మగ్గిన ఆకుకూర తప్ప మరేమీ లేదు. దూలం మీదినుంచి శీలావతి చేప దిగి వచ్చింది. దాని కడుపు లోపలికి పోయి ఉంది.

"నిన్న ఈ ఇంట్లో ఎవరూ చేపను చంపలేదు," అన్నాడు అధికారి. "ఈరోజు..." అని ఆగిపోయాడు.

ధనుకుడు బయటికి వెళ్లి, గూటానికున్న తన వల తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "నా చోటు తీసేయండయ్యా."

ఆయన కాదనలేదు.

సామా మోకాళ్ల మీద కూర్చుని, ఇంకా తడి ఆరని గుడ్లను దోసిలితో మూకుట్లోకి ఎత్తుతోంది. తలెత్తకుండానే అంది: "అలా నిలబడతారేం? నీళ్లు తెండి. బావి నీళ్లు కాదు, ఏటి నీళ్లు."

తెచ్చాడు. సాయంత్రం దాకా మోస్తూనే ఉన్నాడు. మిగిలినవి గుప్పెడు గుడ్లు. అవి పిల్లలయ్యేదాకా ఆ మూకుడు పక్కనే కూర్చున్నాడు. పొద్దుగూకి తక్కిన చేపలన్నీ ఏటికి వెళ్లిపోయినా, ఆ శీలావతి మాత్రం వెళ్లలేదు. మూకుడికీ అతనికీ మధ్య అటూ ఇటూ తిరుగుతూ, రెప్పలేని కళ్లతో అతని చేతులనే చూస్తూ ఉంది.