బొమ్మ ఆగిన గల్లీ

గఫార్ బాలనర్సమ్మ ఇంటి అరుగు మీద నిలబడి, గోడకు కొట్టిన ఇనుప డబ్బా తెరిచి, నల్ల వైరును మెల్లగా ఊడలాగాడు. కుమ్మరివాడలో ఈ చివర నుంచి ఆ చివర దాకా టీవీలు ఒక్కసారిగా మూగబోయాయి. పొద్దున మూడిళ్ల అవతల ఒక ముసలాయన పోయాడు. శవం లేచేదాకా ఆ గల్లీలో బొమ్మ రాకూడదు. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు. జనగామలో కేబుల్ లైన్లు చూసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో గఫార్ తనంతట తానే చేశాడు, ఊరు అలవాటు పడింది. బొమ్మ పోతే జనం గడప దాటి వచ్చి అడిగే మాట ఒక్కటే, ఎవరు పోయారని. చావు కబురు మోసే మనిషితో పనే లేకుండా పోయింది.

గఫార్ పొట్టి మనిషి. ఎండకు కమిలిన మెడ, వైర్లు చెక్కీ చెక్కీ మొద్దుబారిన బొటనవేళ్లు, ఎడమ భుజం కాస్త కిందికి. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు. రెండింట్లోనూ తక్కువే మాట్లాడతాడు. పెళ్లికి పిలవడం మరిచిపోయేవాళ్లు కూడా చావుకు మాత్రం మొదట అతనికే చెబుతారు. అందుకు లోలోపల కొంచెం గర్వపడేవాడు.

ఆ గర్వానికే ఇప్పుడు ఎసరొచ్చింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు, ఊరంతా వార్తల ముందే కూర్చుంది. గఫార్ యజమాని అమర్‌సింగ్ చిన్న ఆపరేటర్. అతనికి చానళ్లు ఇచ్చేది హైదరాబాదు కంపెనీ. ఆ కంపెనీయే ఇప్పుడు ఊళ్లోకి దిగి, డిజిటల్ డబ్బాలు ఇంటింటికీ ఉచితంగా ఇస్తామని చాటింపు వేయించింది. సరుకు ఇచ్చేవాడే ఎదురుగా దుకాణం పెడితే ఎట్లా బతకాలని అమర్‌సింగ్ ఢిల్లీలో పోటీ తగవులు చూసే కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. విచారణ ఇంకా నడుస్తోంది. రేపు సాయంత్రంలోగా లైన్లు తమకు రాసివ్వకపోతే చానళ్లు ఆపేస్తామని కంపెనీ కబురంపింది. రాసిస్తే గల్లీ డబ్బాలన్నీ కంపెనీవే, ఏ గల్లీ బొమ్మనైనా ఆపే చెయ్యి ఇక ఊళ్లో ఉండదు. కొలువు పోతుందన్న దిగులు కన్నా గఫార్‌కు ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు గడువు ఇంకా ఉండగానే, మిట్టమధ్యాహ్నం ఊరంతా ఒకేసారి బొమ్మ పోయింది.

గఫార్ అప్పుడు స్టేషన్ రోడ్డు మలుపులో ఉన్నాడు. అన్ని గల్లీల నుంచీ జనం బయటికి వచ్చారు. తమ గల్లీలో ఎవరూ పోలేదని తెలిసి పక్క గల్లీకి నడిచారు. ఆ గల్లీవాళ్లు ఇటే వస్తూ ఎదురయ్యారు. ఉద్యమంలో ఎవరో పోయి ఉంటారని కొందరు తలకు చుట్టిన తువ్వాళ్లు తీసేశారు. డప్పు తగిలించుకుని వచ్చినాయన ఏ ఇంటి ముందు కొట్టాలో తెలియక నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. అంత జనంలో అరుపు లేదు, నినాదం లేదు. శవం కోసం వెతుకుతూ తిరుగుతున్నారు. వాళ్లు ఒక్కొక్కరే ఆగి తనకేసి చూస్తుంటే గఫార్‌కు భయం వేసింది.

బాలనర్సమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. అప్పటికే ఏడ్చి ఉంది. ఎవరి కోసమో ఆమెకే తెలియదు.

"ఎవలు పోయిన్రు బిడ్డా?"

"ఎవలు పోలే అవ్వా. కంపెనోళ్లు బంద్ వెట్టిన్రు."

"గట్లెట్లయితది? ఊరంత ఆగింది గదా. ఎవలో ఒకలు పోకుంటెనే ఆగుతదా?"

గఫార్ చెయ్యి విడిపించుకున్నాడు. తప్పు తన లైన్లోనే ఉందేమోనన్న చిన్న ఆశతో, తను ఉండే గల్లీ మొదట్లో స్తంభానికి నిచ్చెన వేసి ఎక్కాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, వైర్లో మాత్రం ఏమీ రావడం లేదు. కింద జనం తలలెత్తి నిలబడ్డారు. ఛాతీలో ఏదో పట్టేసింది. మెల్లగా దిగి, ఎవరితోనూ చెప్పకుండా ఇంట్లోకి పోయి, నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య ఖైరున్నీసా నీళ్లు తెచ్చేసరికి ఊపిరి లేదు.

ఆ వేళకే అమర్‌సింగ్ సంతకం పెట్టేశాడు. బొమ్మ తిరిగొచ్చింది. ఎవరూ పోలేదట అనుకుంటూ జనం కొంత ఊరటగా, కొంత వెలితిగా ఇళ్లకు మళ్లారు. కంపెనీ మనుషులు గల్లీ డబ్బాలకు కొత్త తాళాలు వేసుకుంటూ పోయారు.

పొద్దు గూకింది. మసీదు మైకులో గఫార్ పోయాడని చెప్పారు గానీ టీవీల మోతలో అది గల్లీకి వినపడలేదు. మసీదు దగ్గరివాళ్లు నలుగురు వచ్చారు. పొరుగువాళ్లు ఎవరూ రాలేదు. ఖైరున్నీసా అమర్‌సింగ్‌కు ఫోన్ చేసి, కాసేపు చాలు, మా గల్లీలో బొమ్మ ఆపించమని అడిగింది.

"నా చేతుల ఏం లేదు భాబీ," అన్నాడతను. "ఒక్క గల్లీని ఆపుడు ఇగ ఎవలతోని కాదు."

ఆమె గడపలో కూర్చుంది. బొమ్మ వస్తోంది కనుక ఈ గల్లీలో ఎవరూ చావలేదని అందరికీ నమ్మకం. ఊళ్లో ప్రతి చావుకూ గల్లీని ఊరుకోబెట్టినవాడు వెనక గదిలో పడుకుని ఉన్నాడు. పిలిచి చెబుదామని ఎదురింటి దాకా వెళ్లింది. లోపల అందరూ నవ్వుతూ టీవీ చూస్తున్నారు. ఏదో అబద్ధం చెప్పడానికి వచ్చినట్టు సిగ్గేసి, వెనక్కి తిరిగింది.

గల్లీ మొదట్లో నిచ్చెన ఇంకా స్తంభానికి ఆనించే ఉంది. కిటికీల్లోంచి పడే నీలి వెలుగు దాని మెట్ల మీద ఎక్కుతూ, దిగుతూ ఉంది.