పెద్దమామ నిమ్మకాయ

కంప్యూటర్ అంటే అంగడికెళ్లి తెచ్చుకునేదే తప్ప ఇంట్లో కూర్చుని బిగించుకునేది కాదని మా పెద్దమామ వీరప్ప నమ్మకం. ఆయన నమ్మకాలు గట్టివి. హోసూరు దగ్గరి బేరిగైలో మా ఇంటికి ఏ వస్తువు రావాలో, ఏ కోడలు ఎక్కడ కూర్చోవాలో ఆయనే తేలుస్తాడు. మా మామ పోయాక తమ్ముడి ఇంటి పెత్తనం కూడా ఆయనకే వచ్చింది. ఎవరూ ఇవ్వలేదు, తీసుకున్నాడు.

పెళ్లికి ముందు నుంచీ నేను హోసూరులో ప్లాస్టిక్ వస్తువులకు అచ్చులు చేసే చిన్న కంపెనీలో డ్రాయింగులు గీసేదాన్ని. సీసా మూతయినా సరే, ముందు నాలాంటివాళ్ల తెర మీద పుట్టి ఆ తర్వాతే ఉక్కులోకి వెళ్తుంది. పొద్దు పొడవకముందే షిఫ్టు వ్యాను వచ్చి మా వాకిట్లో ఆగడం పెద్దమామకు కంటగింపయింది. మానేశాను. మానేసిన రోజు అన్నం సయించలేదు. కొన్నాళ్లకు కంపెనీవాళ్లే ఫోన్ చేసి, ఇంటి నుంచే గీసి పంపవచ్చు, ముందు నమూనాగా ఒక డ్రాయింగు పంపు, చూస్తామన్నారు. ఆ పనికి మామూలు ల్యాప్‌టాప్ చాలదు. బెంగళూరు నుంచి విడిభాగాలు తెప్పించి నేనే బిగిస్తానన్నాను.

పెద్దమామ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"నువ్వే చేసి నువ్వే నడిపిస్తే సరేమ్మా. రిపేరి అని వాళ్లూ వీళ్లూ ఇంట్లోకి వచ్చేది నాకు వద్దు. నడవలేదంటే అదంతా వాపసు పంపించేసి మన గులాబీల షెడ్డుకు వచ్చేయ్. ఆడ ప్యాకింగ్ చేసేవాళ్లు లేక అల్లాడతా ఉండాము."

షెడ్డులో పని తక్కువదని నేననను. కానీ నేను చదివింది ముళ్లు ఒలిచి గులాబీలు కట్టలు కట్టడానికి కాదు.

భాగాలన్నీ వచ్చాయి. మా అత్త నంజమ్మ వాటిని ఒక రాత్రి దేవుడి గదిలో ఉంచమంది. కొత్త ట్రాక్టరయినా, బోరు మోటారయినా, స్కూలు సంచయినా మా ఇంట్లో ముందు దేవుడికి కనబడాలి. ఉంచాను. మర్నాడు పొద్దున చూస్తే క్యాబినెట్ నుదుట బొట్టు, మానిటర్ వెనక బొట్టు, లోపలి ఫ్యానుకు కూడా బొట్టు. తుడవలేదు. బోరు మోటారుకూ బొట్టుంది, అదేం నీళ్లు పోయడం మానలేదు కదా అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా అంతా బిగించి, అత్తను పిలిచి, స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, లోపల రంగురంగుల దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

"ఇంతేనామ్మా?" అంది అత్త.

"ఇంకా ఉంది అత్తా," అన్నాను.

మా ఆయన తిలక్‌కు ఫోన్ చేశాను. ఆయన హోసూరులో మోటారు సైకిళ్ల కంపెనీలో ఉంటాడు, యంత్రాలు తెలిసినవాడే. అంతా విని, "ప్లగ్గు సరిగ్గా పెట్టినావా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఫ్యాన్లు గాలికి తిరుగుతాయా?

తెర కేబుల్ పీకి వేరే రంధ్రంలో పెట్టాను. అదే కేబుల్‌ను టీవీకి తగిలించాను. టీవీ కూడా నల్లగానే ఉంది. అంటే మానిటర్ తప్పు లేదు. కరెంటు తీగలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ గుచ్చాను. లాభం లేదు. సాయంత్రంలోగా కంపెనీకి నమూనా డ్రాయింగు పంపాలి. పెద్దమామ తోట నుంచి వచ్చే వేళవుతోంది.

అప్పుడు బోర్డు మూలన ఆవగింజంత పసుపు దీపం కనబడింది. మెమరీ దగ్గర ఏదో అడ్డం ఉందని దాని అర్థం. కరెంటు ఆపి మెమరీ పట్టీని బయటికి తీశాను. వేలెడు పొడుగుండే ఆ పట్టీకి అంచున బంగారు రంగు పళ్లు వరసగా ఉంటాయి, రాకపోకలన్నీ ఆ పళ్ల గుండానే. పొద్దున బిగించేటప్పుడు ఒక వైపే చూశాను. ఇప్పుడు తిప్పి చూస్తే, రెండో వైపు సరిగ్గా ఆ పళ్ల మీద తడి పసుపు పూసి, దాని మీద కుంకుమ దిద్ది, చక్కగా ఎండిన బొట్టు.

"అత్తా, దీనికి కూడా పెట్టినావా?"

"పెట్టినానమ్మా. పెట్టెకు పెడితే పెట్టెకే కదా పుణ్యం, లోపల ఉండేదానికి ఏమొస్తాదని ఒక్కోటే విప్పి పెట్టినాను. దీనికి బంగారు అంచు ఉండాది, ఇదే అన్నిటికీ పెద్దేమో అనుకుంటిని." నా మొహం చూసి ఆమె గొంతు తగ్గింది. "దీంతోనే నిలిచిపోయిందా?"

"ఊ."

అత్త గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "మీ పెద్దమామకు చెప్పొద్దమ్మా. తెలిసిందంటే ఊరంతా చెప్పుకోని నవ్వుతాడు. నీకు దండం పెడతాను."

నాకు ఒళ్లు మండింది. అయినా చెప్పనని మాటిచ్చాను. రబ్బరుతో ఆ పళ్లు ఒకటికి రెండుసార్లు రుద్దాను, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి ఆరబెట్టాను, మొదటి గాడిలో పొడి మిగిలి ఉంటుందని ఈసారి పక్క గాడిలో గుచ్చి స్విచ్ వేశాను. కొత్త మెమరీని యంత్రం మొదటిసారి పరీక్షించుకోవడానికి కాసేపు పడుతుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పాలు తోడు పెట్టినట్టు, కదపకుండా ఊరుకోవాలి. పసుపు దీపం ఆరిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడు వచ్చాడు పెద్దమామ. నల్లటి తెరను చూశాడు. ఆయన మొహంలో బాధ ఏమీ లేదు.

"నేనప్పుడే అనుకుంటిని. దిష్టి. నంజమ్మా, నిమ్మకాయ ఉంటే తే."

"కాసేపు ఆగండి పెద్దమామా, వచ్చేస్తాది," అన్నాను.

ఆయన ఆగలేదు. నిమ్మకాయను కంప్యూటర్ చుట్టూ తిప్పాడు, వాకిట్లో కాలి కింద పెట్టి తొక్కాడు, చెక్కలు చెరోపక్కకు విసిరాడు. లోపలికి వచ్చి చేతులు దులుపుకుంటుండగా తెర వెలిగింది.

కాకతాళీయం అనే మాట పెద్దమామ దగ్గర చెల్లదు. తాటిపండు రాలితే ఆ కాకి ఆయనదే.

"చూసినావా?" అన్నాడు. "పొద్దున్నుంచి నువ్వు కిందా మీదా పడితివి. ఒక్క నిమ్మకాయతో అయింది."

"నేను సరిచేసినాక వచ్చింది పెద్దమామా."

"యాడ సరిచేసినావు? నేను వచ్చేటప్పటికి నల్లగానే ఉండె కదా." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "ఈ పొద్దుకు దేవుడు కాపాడినాడు. రేపు మళ్లీ నిలిచిపోతే నేను తోట విడిచిపెట్టి రావాల్నా? ఇది నీ చేతిలో అయ్యే పని కాదమ్మా. ఆ కంపెనీవాళ్లకు కాదని చెప్పేసి రేపట్నుంచి షెడ్డుకు రా."

నోరు తెరిస్తే అత్త పరువు పోతుంది, మూసుకుంటే నా పని పోతుంది. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, వంటింటి గడప దగ్గర తల వంచుకుని నిలబడ్డ అత్త మీద కూడా అంతే వచ్చింది. ఇచ్చిన మాట దాటలేను. తెర వైపు తిరిగి కూర్చున్నాను.

"నిమ్మకాయతో రాలేదు బావా."

నేను ఈ ఇంటికి వచ్చాక అత్త ఆయన ముందు గడప దాటి నిలబడి మాట్లాడడం అదే మొదలు. పమిట కొంగు వేళ్లకు చుట్టుకుంటోంది.

"చెడింది నా బొట్టుతో. పూజ అని చెప్పి లోపలి వస్తువులకంతా పసుపూ కుంకుమా పూసింది నేను. యాడ తట్టుకోని నిలిచిందో కనిపెట్టి, తుడిచి, బాగు చేసింది ఈ పిల్ల. మీరు వచ్చేటప్పటికే దాని పని అయిపోయింది."

"పూజ చేస్తే చెడిపోయిందంటావా? ఈ ఇంట్లో నిలబడుకోని?"

"అంటాను. దేవునికి కోపమొస్తే నా మీద రానీ."

పెద్దమామకు ఓడిపోవడం అలవాటు లేదు, అందుకని వేరే దారి పట్టాడు. "సరే. మరి షెడ్డుకు ఎవరు వస్తారు? ఊరంతా తిరిగి అడుక్కోవాల్నా?"

"నేను వస్తాను," అంది అత్త. "ఇంట్లో ఊరికే కూర్చునేదానికే కదా, కనబడినదానికంతా బొట్టు పెడతా ఉండేది."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అరవై దగ్గర పడుతున్న మనిషికి ముళ్ల మధ్య పనేమిటని నేను అత్తతో వాదించబోయాను. ఆమె వినిపించుకోలేదు.

"గీయమ్మా. పొద్దు దిగేలోపల పంపాలంటివి కదా."

కూర్చుని గీశాను. కళ్లు మసకబారినప్పుడల్లా తుడుచుకుంటూ గీశాను. సాయంత్రానికి పంపాను.

మర్నాడు మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. డ్రాయింగు బాగుంది, రేపటి నుంచి పని పంపిస్తామన్నారు. ఫోన్ చేతిలో పట్టుకునే వంటింట్లోకి పరుగెత్తి, "అత్తా, పని ఇచ్చినారు," అన్నాను. పొయ్యి మీద నాకోసం మూతపెట్టిన అన్నం గిన్నె ఉంది. అత్త లేదు, షెడ్డుకు వెళ్లిపోయింది.