ముప్ఫై ఒకటి నుంచి ఎనభై నాలుగు

తాజాగా కనపడాలని ఈ దండలో చామంతులకి నీళ్ళు కొట్టి మరీ తెచ్చారు, ఆ నీళ్ళు మెడ మీంచి జాకెట్టులోకి కారుతున్నాయి, పైన శాలువా ఒకటి, ఏప్రిల్ నెలలో పాలకొల్లులో మిట్టమధ్యాహ్నం మనిషికి శాలువా కప్పాలన్న ఆలోచన మొదట ఎవరికి పుట్టిందోగానీ వాళ్ళ దుంపతెగ, కప్పినవాళ్ళు కప్పి ఫోటో దిగి కిందికి వెళ్ళిపోతారు, తీసేస్తే గర్వమంటారు, ఉంచుకుంటే ఉడికిపోవాలి, పక్క షెడ్డులో బిర్యానీ దమ్ముకి పెట్టినట్టున్నారు, ఆ మసాలా వాసన, ఈ చామంతుల పచ్చివాసన, మైకు దగ్గర మా చర్చి పాస్టరు యెహెజ్కేలు అయ్యగారు కొట్టుకొచ్చిన సెంటు వాసన, మూడూ కలిసి రోత పుట్టిస్తున్నాయి, వెనక్కి తిరిగి ఆ ఫ్లెక్సీ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను, వచ్చేటప్పుడు ఒకసారి చూశాను, చాలు, నా తల కోసి ఆఫ్రికా పటం మీద అతికించారు, పక్కన నోరు తెరిచిన సింహం, మా సంఘం తరఫున పాఠాలు చెప్పడానికి వెళ్ళి జాంబియాలో నేనున్న పల్లెలో మూడు నెలల్లో మేకల్ని తప్ప నేనేమీ చూడలేదు, లుసాకాలో దిగి రోజంతా బస్సులో కూర్చుంటే వచ్చే ఊరు, రేకుల బడి, వేరుశెనగ చేలు, మేకలు, అంతే, సింహమెక్కడిదిరా నాయనా, దాని కింద ఎర్రటి అక్షరాల్లో ఆఫ్రికా జ్ఞానదీపం శ్రీమతి కృపారాణి టీచరు గారికి ఘన సన్మానం అట, దీపమట, ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి మిషన్ స్కూల్లో లెక్కలు చెప్తున్నాను, ఒక్కడు అగ్గిపుల్ల అని కూడా అనలేదు, విమానం ఎక్కి దిగేసరికి దీపమైపోయాను.

అయ్యగారు ఆగేలా లేరు, మన సిస్టర్ గారు ఆ చీకటి ఖండంలో, అంటున్నారు, చీకటేంటండీ, పొద్దున్న ఆరున్నరకల్లా కళ్ళలో పొడిచే ఎండ, ఆకలితో అలమటించే ఆ చిన్నారుల మధ్య, అంటున్నారు, ఆ చిన్నారులు నాకు మొక్కజొన్న సంకటి ముద్ద చేసి పెట్టారండీ, నేనే తినలేక మొహం చిట్లించి బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసుకునేదాన్ని, ముందు వరసలో మా అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది, ఏసమ్మ టీచరు, ఎనభై దాటినా ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వచ్చింది, నా కూతురు అని పక్కావిడకి చెప్తోంది, పక్కావిడకి నలభై ఏళ్ళుగా తెలిసిన సంగతే, అయినా చెప్తోంది, ఆ మొహం చూస్తుంటే ఇక్కణ్ణించి లేచి వెనక గుమ్మంలోంచి కాలవగట్టున పడి పారిపోవాలనిపిస్తోంది, ఇదిగో ఇప్పుడు శ్యాంబాబు గారు, సంఘం కార్యదర్శి, ల్యాప్‌టాప్ మీద వంగారు, వస్తుంది, అది వస్తుంది, వచ్చింది, గోడ మీద ఇంత లావు అంకెలు, సిస్టర్ గారు వెళ్ళినప్పుడు ఐదో తరగతి లెక్కల సగటు ముప్ఫై ఒకటి, వచ్చేటప్పుడు ఎనభై నాలుగు, మధ్యలో పైకి లేచే పచ్చ బాణం, చప్పట్లు, స్తోత్రం స్తోత్రం, దేవుడు మన సిస్టర్ గారి చేతుల్లో ఏం పెట్టాడో చూడండి అంటున్నారు అయ్యగారు, చేతుల్లో కాదండీ అయ్యగారూ, మెడలో పెట్టాడు.

మెడలోనే, నవ్వొస్తుంది చెప్తే, నాకు మాత్రం వాంతి వస్తుంది, మన వైపు వాళ్ళం ఎవరైనా ఏదైనా చెప్తుంటే ఊరికే వింటామా, ఆఁ, ఊఁ, కానివ్వండి అంటూ తల ఈ భుజం మీదికోసారి ఆ భుజం మీదికోసారి వాల్చి ఊపుతూనే ఉంటాం, బాగుందన్నా అంతే, సరేనన్నా అంతే, నాకు మరీ ఎక్కువ, గంగిరెద్దు తల అని మా ఇంట్లో పేరు కూడా ఉంది, ఆ తలతోనే వెళ్ళాను అంత దూరం, మొదటి రోజే ఒక పిల్లని, జడల చివర నీలం పూసలున్న పిల్లని, బోర్డు దగ్గరికి పిలిచి ఏడెనిమిదులు ఎంతని అడిగాను, యాభై ఆరు అని గుండ్రంగా రాసి నా వైపు తిరిగింది, భేష్, కానివ్వు అన్నట్టు తల ఊపాను, ఆ పిల్ల నా మొహం చూసింది, బోర్డు చూసింది, అరచేత్తో చెరిపేసి యాభై నాలుగు వేసింది, అయ్యో వచ్చినదాన్నే తుడుచుకుంటోందే అనుకున్నాను, పునాది లేదు అనుకున్నాను, తర్వాత అబ్బాయి అంతే, ఆ తర్వాతమ్మాయి అంతే, పరీక్ష పెట్టి వరసల మధ్య తిరుగుతూ పుస్తకాల్లోకి తొంగిచూస్తూ, సరిగ్గా చేసినవాడి దగ్గర ఆగి ముచ్చటపడి తల ఊపుతూ, నేను అడుగు ముందుకెయ్యగానే వాడు రబ్బరు తీస్తూ, తప్పుగా చేసినవాడి దగ్గర నేను తల ఆడించకుండా బిగుసుకుని నిలబడితే వాడు హమ్మయ్య అనుకుంటూ, ఇదంతా నా కళ్ళముందే జరిగింది, నలభై మంది పిల్లలు నలభై సరైన జవాబుల్ని నా తల చూసి చెరిపేసుకున్నారు, సగటు ముప్ఫై ఒకటి, మరి వాళ్ళ ఊళ్ళో తల అలా అటూ ఇటూ ఊపితే కాదని అర్థం, తప్పని అర్థం, ఆ సంగతి ఎవరు చెప్పాలి నాకు, నేను ఎవర్నైనా అడిగితే కదా చెప్పడానికి, నేర్పడానికి వెళ్ళినదాన్ని, అడగడమేంటి.

చెప్పింది ఆగ్నెసే, ఆగ్నెస్ బాండా, ఆ తరగతి టీచరు, నేను వెళ్ళగానే కుర్చీ నాకిచ్చేసి చివరి బెంచీలో పిల్లల పక్కన మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్న మనిషి, ఏడు వారాలు కూర్చుంది, ఏడో వారం బడి వదిలాక దగ్గరికొచ్చి, మేడమ్, ఒకటి అడగనా, మీ దేశంలో ఔననడానికి తల ఎలా ఊపుతారు అంది, ఇలా అని ఊపి చూపించాను, ఒక్క క్షణం గుడ్లప్పగించి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది, పిల్లలు ఇళ్ళకెళ్ళి కొత్త మేడమ్‌కి ఏం చెప్పినా కాదంటుందని చెప్తున్నారట, ఒకడి తల్లి వచ్చి అడిగిందట, నాకూ నవ్వొచ్చి ఉండాల్సింది, ఇద్దరం ఆ గుమ్మంలో కూలబడి నవ్వుకుని ఉండాల్సింది, కానీ నాకు ఒళ్ళు మండింది, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అన్నాను, గట్టిగానే అన్నాను, మా హెడ్‌మిస్ట్రెస్ గొంతు నాలోంచి వచ్చింది, ఆగ్నెస్ నవ్వు ఆపేసింది, మీరు అతిథి కదా మేడమ్, అతిథిని తప్పు పట్టకూడదు, నేనే పొరపాటు పడుతున్నానేమో అనుకున్నాను అంది, మర్నాటినుంచి మెడ బిగబట్టుకుని పాఠం చెప్పాను, నొప్పెట్టేది రాత్రికి, మళ్ళీ పరీక్ష పెట్టాను, ఎనభై నాలుగు, కొత్తగా నేను నేర్పింది సున్నా, మెడ ఆపాను, అంతే, ఇదీ శ్యాంబాబు గారి పచ్చ బాణం.

ఇంతవరకే అయితే భోజనాల దగ్గర చెప్పి నవ్వించేదాన్ని, ఇంతవరకే కాదు గదా, నాలుగో వారంలోనే రిపోర్టు పంపేశాను, ముప్ఫై ఒకటి చూసి గుండె మండి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పిల్లలకు పునాది బొత్తిగా లేదు, తరగతి ఉపాధ్యాయినికి బోధన మీద పట్టు లేదు, ఆమెను మార్చడం ఆ పిల్లలకు మేలు అని చక్కటి ఇంగ్లీషులో, అక్కడి హెడ్మాస్టరుకి ఒకటి, ఇక్కడ సంఘానికి ఒకటి, ఆ సాయంత్రం ఎంత తృప్తిగా ఉందో, ఎవరికో న్యాయం చేసినంత తృప్తి, మరి ఏడో వారంలో నిజం తెలిశాక ఇంకో ఉత్తరం రాయాలా వద్దా, రాయాలి, ఏమని రాయాలి, అయ్యా నా తల వల్ల జరిగింది అని రాయాలి, రాస్తాను రాస్తాను అనుకున్నాను, ఎవరు చదివుంటారులే అనుకున్నాను, నవ్వులపాలవుతాం అనుకున్నాను, బస్సెక్కే రోజు ఆగ్నెస్ తన చేలో వేరుశెనగలు చిన్న గుడ్డ సంచిలో కట్టిచ్చింది, మీ అమ్మగారికి అంది, ఏ సంగతీ తెలియక ఇచ్చింది, అమ్మ వాటిని వేయించి డబ్బాలో పోసుకుని రోజూ సాయంత్రం నాలుగు గింజలు నోట్లో వేసుకుంటుంది, ఏం రుచే తల్లీ, ఆ పిల్లకి నా దీవెనలు రాయి అంటుంది, నాకు ఆ డబ్బా చప్పుడు వింటేనే చీదర, డబ్బా మీద కాదు, అమ్మ మీదా కాదు, అమ్మకి తెలుసు కదా ఇలాంటి రాత ఏం చేస్తుందో, నేను మూడో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చి అమ్మ తరగతిలో ఒక బిడ్డని లేపి జిల్లా ముఖ్యపట్టణం అడిగాడు, వాడు ఆయన మీసాలు చూసి బిక్కచచ్చి నిక్కర్లోనే పోసుకున్నాడు, ఆయన ముక్కు మూసుకుని పుస్తకంలో బోధన శూన్యం అని రెండు ముక్కలు రాసి కారెక్కి పోయాడు, అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు, ఇప్పటికీ జ్వరమొస్తే ఆ రెండు ముక్కలే పలవరిస్తుంది, ఆ ఇన్‌స్పెక్టర్ని జీవితమంతా తిట్టుకున్నాను, వాడి చెయ్యి పడిపోనూ అన్నాను, వాడు రెండు ముక్కలే రాశాడు, నేను పేజీన్నర రాశాను.

ఏంటిది, అయ్యగారు జేబులోంచి కాగితం తీశారు, ప్రియ సంఘమా, సిస్టర్ గారికి కూడా చెప్పకుండా దాచిన శుభవార్త, ఆ పాఠశాల హెడ్మాస్టరు గారు రాసిన ఈమెయిలు, తెలుగులో చదువుతాను అంటున్నారు, మీరు పంపిన ఉపాధ్యాయిని ఇచ్చిన నిష్పాక్షికమైన నివేదిక, నిష్పాక్షికమట, మా కళ్ళు తెరిపించింది, వద్దండీ, చదవకండి అయ్యగారూ, దాని ఆధారంగా బలహీనురాలైన ఆ తరగతి ఉపాధ్యాయినిని ఈ టర్ము నుంచి విధుల నుంచి తప్పించాము, ఆ స్థానం ఖాళీగా ఉన్నది, దయచేసి మరొక స్వచ్ఛంద ఉపాధ్యాయినిని పంపగలరు, చప్పట్లు, దేవుడా ఎంత పెద్ద చప్పట్లు, తప్పించారు, ఆగ్నెస్‌ని, ఆ చేతులు చప్పట్లు కొడుతున్నది దానికే, అందుచేత జూన్‌లో మన రూతమ్మని పంపుతున్నాము, రూతు లేచి నిలబడి రెండు చేతులూ జోడించి మెలికలు తిరిగిపోతోంది, పాతికేళ్ళు లేవు, మా స్కూల్లోనే ఒకటో తరగతి టీచరు, నిన్ననే వచ్చి ఏమేం సర్దుకోవాలి మేడమ్, ఆవకాయ ఎంత పట్టుకెళ్ళనిస్తారు అని అడిగింది, ఈ పిల్ల వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంటుంది, జీతం అక్కర్లేని మనిషి, ఆ తర్వాత ఇంకొకరు, ఇక ఆగ్నెస్‌కి ఆ గుమ్మమే ఉండదు, నాకు రోత పుడుతోంది, ఈ బిర్యానీ వాసన మీద అనుకున్నాను ఇందాకటిదాకా, సెంటు మీద, సింహం మీద, అయ్యగారి చీకటి ఖండం మీద, పొద్దున్నుంచీ దొరికినవాళ్ళందరినీ అసహ్యించుకుంటూ వస్తున్నాను, వాళ్ళు పాపం తెలియక చేశారు, తెలిసి నోరు మూసుకున్నది ఈ హాల్లో ఒక్కతే, దానికే శాలువా కప్పారు.

సిస్టర్ గారూ, రూతమ్మకి మీరే ఒక మాట ధైర్యం చెప్పాలండీ, మైకు చేతికిచ్చారు, తడిచేత్తో పట్టుకుంటే జివ్వుమంది, దండ తీసి బల్ల మీద పెట్టాను, శాలువా తీసి దాని మీద పెట్టాను, ఏమనుకుంటే అనుకోనీ, మెడకి గాలి తగిలింది, నా సంఘమా అని మొదలుపెట్టానో లేదో కింద రెండొందల తలలు ఊగడం మొదలైంది, ఈ భుజం మీదికీ ఆ భుజం మీదికీ, కానివ్వమ్మా, బాగుంది, చెప్పు తల్లీ అని, నేనింకా ఏమీ చెప్పలేదు, అయినా ఊపుతున్నారు, ముందు వరసలో అందరికన్నా ఎక్కువగా మా అమ్మ, నాకీ తల అక్కణ్ణించే వచ్చింది, ఈ తలల ఎదురుగా ఆ నీలం పూసల పిల్లని నిలబెడితే తన పేరు కూడా చెరిపేసుకుంటుంది, ఆ పిల్ల అరచేతికి అంటుకున్న సుద్ద, గుండ్రటి ఐదు, గుండ్రటి ఆరు, ఆగ్నెస్ రాతే అది, ఆ బడి టీచర్లలో ఐదుని అంత గుండ్రంగా రాసేది ఆగ్నెస్ ఒక్కతే, వెళ్ళిన మొదటి రోజు మొదటి నిమిషంలోనే బోర్డు మీద తను రాసి ఉంచిన అంకెలు చూశాను, చూసి కూడా నేనే నేర్పాలనుకున్నాను, ఆగిపోకూడదు, ఇప్పుడాగితే మళ్ళీ చెప్పను, అమ్మని చూసే చెప్తాను, గోడ మీది ఆ ఎనభై నాలుగు నాది కాదండీ, ఆ పిల్లలకి లెక్కలు నేను వెళ్ళకముందే వచ్చు, ఆగ్నెస్ నేర్పింది, అన్నాను, మా అమ్మ తల ఊగడం ఆగిపోయింది.